పెదనాన్న ఎక్కించుకోని బాటిలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. లోకంలో తప్పులన్నీ ఇంతవరకూ ఎవరూ వేలు పెట్టి చూపించకపోవడం వల్లే జరుగుతున్నాయనీ, మనం చూపించగానే అందరూ నాలిక్కరుచుకుని దిద్దుకుంటారనీ అనిపిస్తుంది. ఆ జబ్బుకి మందు లేదు. వయసు మీద పడుతున్నకొద్దీ దానంతటదే తగ్గుతుంది. నాకది ఇరవై ఎనిమిదో ఏట బాగా ముదిరి ఉండేది. అప్పుడు నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో జూనియర్ డాక్టర్ని. భవానీపురంలో అమ్మతో అద్దె ఇంట్లో ఉంటూ, రోజూ స్కూటీ మీద కృష్ణ ఒడ్డమ్మట బయల్దేరి, ఆస్పత్రి చేరేలోపు ఆ రోజు ఎవరిని సంస్కరించాలో నిర్ణయించుకునేదాన్ని.

ఆ ఏడు మా ఆస్పత్రికి నాణ్యత సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు తనిఖీకి వస్తారని కబురొచ్చింది. దాంతో గోడలకి రంగులు పడ్డాయి, ఎన్నడూ తెరవని కిటికీలు తెరుచుకున్నాయి. ఆ హడావుడికంతటికీ అధిపతి క్వాలిటీ మేడం (ఆవిడ అసలు పేరు మా ఎవరికీ తెలియదు, అవసరం కూడా పడలేదు). ఒక ఉదయం ఆవిడ చేతిలో పెద్ద ఫైలుతో బ్లడ్ బ్యాంకుకి దిగి వచ్చారు.

"డాక్టరు గారూ, రక్తాన్ని నిజంగా అవసరమున్నవాళ్ళకే ఎక్కిస్తున్నామా లేదా అని ఆడిట్ ఉండాలంటండీ. మన దగ్గరుందా?"

"లేదండీ."

"ఉండాలండీ. వచ్చే నెల్లోపు ఉన్నట్టు చేసెయ్యండి."

ఆ వాక్యంలో 'ఉన్నట్టు' అన్న మాటే ముఖ్యమని నాకు తట్టలేదు. నేను 'చెయ్యండి' అన్నదాన్ని పట్టుకున్నాను. ఇంటికెళ్ళి అమ్మతో "నన్ను ఆడిట్ చెయ్యమన్నారు" అని గొప్పగా చెబితే, అమ్మ కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తకుండా "అంత చదివించింది ఇందుకా?" అంది.

పని చెప్పుకోవడానికి తేలికే. పేషెంటుకి రక్తం కావాలంటే వార్డు డాక్టరు ఒక ఫారం నింపి మాకు పంపిస్తారు. అందులో గ్రూపు, ఒంట్లో ఎంత రక్తం ఉందో ఆ హిమోగ్లోబిన్ అంకె, ఎందుకు ఎక్కించాలో కారణం రాయాలి. ఆ ఫారాలన్నీ చదివి, ఏది సబబో ఏది కాదో తేల్చడమే ఆడిట్. నేను ఒక నెల ఫారాలు ముందేసుకుని కూర్చున్నాను. సగానికి పైగా కారణం గడి ఖాళీ. మిగతావి చదువుతుంటే మనసు వికలమైంది. 'నీరసం' అని ఒకరు రాశారు (ఇంగ్లిషులోనే లెండి, నేను తెలుగు చేస్తున్నాను). 'మరీ నీరసం' అని ఇంకొకరు. 'రేపు డిశ్చార్జి' అని ఒక ఫారం. 'అల్లుడు గారు అడిగారు' అని మరొకటి. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది 'పెళ్ళి ఉంది' అన్న ఫారం. వాకబు చేస్తే తేలిందేమిటంటే, పెళ్ళి పేషెంటుది కాదు, కూతురిది. తల్లిగా ఆవిడ పీటల మీద కూర్చునే ఓపిక కోసం ఒక బాటిలు.

మన వైపు రక్తం బాటిలుకి (అది మెత్తటి సంచీయే అయినా మనవాళ్ళు దాన్ని బాటిలు అనే అంటారు) ఉన్న మర్యాద వేరు. మాత్రలు రాస్తే 'ఆ, ఏం చూశాడు' అంటారు. సెలైన్ పెడితే 'పర్లేదు, పట్టించుకుంటున్నాడు' అంటారు. రక్తం ఎక్కిస్తే మాత్రం ఊళ్ళో అరుగు మీద ఆ డాక్టరు పేరు పదేళ్ళు నిలుస్తుంది. ఆ బాటిలు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి చాపి ఇచ్చిందనీ, అవసరం లేనివాడికి ఎక్కిస్తే ఒక్కోసారి ఒళ్ళు వికటిస్తుందనీ, అవసరమున్నవాడికి ఆ పూట దొరక్కుండా పోతుందనీ ఎవరూ తలుచుకోరు. నేను మాత్రం వేరే ఏమీ తలుచుకునేదాన్ని కాదు. నా బాధ అదీ.

నెలాఖరుకి కమిటీ సమావేశం పెట్టారు. జీడిపప్పు పకోడీ, టీ, మధ్యలో నా నివేదిక. నివేదిక వింటున్నంతసేపూ పకోడీ చప్పుడు ఆగలేదు. చివర్లో మా పెద్ద సార్ గొంతు సవరించుకున్నారు. పెద్ద సార్ అంటే మా ఆస్పత్రికి ఆయువుపట్టు, పామర్రు నుంచి గన్నవరం దాకా రోగులు ఆయన చెయ్యి పడితే చాలనుకునే ఫిజీషియన్. 'నీరసం' ఫారాల్లో మూడొంతులు ఆయనవే.

"అమ్మాయ్, రక్తం ఎక్కించాక పేషెంటు మొహం ఎప్పుడన్నా చూశావా?"

"లేదు సార్."

"చూడాలమ్మా. నువ్వు రక్తాన్ని ఫ్రిజ్‌లో చూస్తావు. నేను మొహంలో చూస్తాను. ఆ కళ వేరు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. అయితే పెద్ద సార్ చెడ్డవారు కాదు. "సరే, మావాళ్ళకి ఏం రాయాలో తెలీక అలా రాస్తున్నారేమో. ఏయే కారణాలకి ఇవ్వచ్చో నువ్వే ఒక లిస్టు రాసి వార్డుల్లో అంటించు" అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళు ఒక్కటే తక్కువ. రెండు రోజులు కూర్చుని, పది కారణాలు వరసగా నంబర్లేసి, లామినేషన్ చేయించి, ప్రతి వార్డులో నా చేత్తో నేనే అంటించాను.

మరుసటి నెల ఫారాలు చూసి నా కళ్ళని నేను నమ్మలేదు. ఖాళీ గడి ఒక్కటి లేదు. 'నీరసం' మాయమైంది. 'అల్లుడు గారు' మాయమయ్యారు. ప్రతి ఫారంలోనూ నా లిస్టులోని మాటలే, కామాలతో సహా. ఆ పొద్దంతా గాల్లో తేలాను. సాయంత్రం మా టెక్నీషియన్ బాబాయ్ (ముప్పై ఏళ్ళుగా బ్లడ్ బ్యాంకుల్లోనే బతుకుతున్న మనిషి, మా అందరికీ బాబాయే) ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

"అమ్మా, ఇదోసారి చూడండి."

కారణం: కాన్పు తర్వాత అధిక రక్తస్రావం. నా లిస్టులో మూడో నంబరు.

"బాగానే ఉంది కదా బాబాయ్?"

"పేరు చూడండమ్మా."

చూశాను. అరవై రెండేళ్ళ రిటైర్డ్ బస్సు కండక్టరు.

వార్డుకి పరిగెత్తాను. డ్యూటీ డాక్టరు ఏమాత్రం తడబడలేదు. "లిస్టులోదే రాశాను కదా మేడం, నిన్న రెండో నంబరు రాశాను, ఇవాళ మూడు" అన్నాడు. రోజుకొక నంబరు చొప్పున న్యాయంగా పంచుతున్నాడట. ఆ ఫారం పట్టుకుని క్వాలిటీ మేడం దగ్గరికి వెళ్ళి, ఇది ఘోరమన్నాను. ఆవిడ సావధానంగా విని, "ఘోరమేనండీ, తనిఖీవాళ్ళు చూస్తే బాగోదు" అని ఒప్పుకున్నారు. మర్నాటికల్లా నా లిస్టు కింద ఒక కొత్త లైను టైపు చేసి అంటించారు: 'మూడవ నంబరును పురుషులకు రాయరాదు.'

ఇలా ఆస్పత్రిని బాగుచేస్తున్న రోజుల్లోనే పామర్రు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. పెదనాన్నకి మెట్లెక్కితే ఆయాసంగా ఉందట, మొహం పాలిపోయిందట, తీసుకొస్తోందట. పెదనాన్న హిందీ మాస్టారుగా రిటైరయ్యారు. వాళ్ళ చర్చిలో సంఘ పెద్ద. ఆయన ప్రార్థన ఎంత పొడుగంటే, ఆదివారం ఆయన వంతు వస్తే ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో అన్నం గిన్నె గంట ఆలస్యంగా పొయ్యెక్కించేవారు. పరీక్షలు చేయిస్తే ఒంట్లో రక్తం ఎనిమిదిన్నర ఉంది. కారణం మొలలు. ఏడాదిగా కొంచెం కొంచెంగా పోతోంది, సంఘ పెద్దగారు ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్నారు. ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడి, ఆ మొలలకి వైద్యం చేయించుకుంటే సరిపోతుంది. అదే చెప్పాను.

"మాత్రలా?" అన్నారు పెదనాన్న, నేనేదో తిట్టినట్టు. "ఇంతదూరం కారు మాట్లాడుకుని వచ్చింది మాత్రలకా అమ్మడూ? మాత్రలు పామర్రులో దొరకవూ?"

పెద్ద సార్ రౌండ్స్‌లో వచ్చి నాడి పట్టుకుని, "మాస్టారికి ఒక బాటిల్ ఎక్కిద్దాం, కళ వస్తుంది" అన్నారు. అంతే, పెదనాన్న మొహానికి కళ అప్పుడే వచ్చేసింది. నేను పెద్ద సార్‌కి నా లిస్టు గుర్తు చేశాను. ఆయన నవ్వి, "మీ ఇంటి మనిషే కదమ్మా, నీ ఇష్టం. ఫారం నువ్వే రాయి" అని బరువంతా నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయారు. ఇక పెద్దమ్మ అందుకుంది. "ఊళ్ళో వాళ్ళందరికీ ఎక్కిస్తారంట, సొంత పెదనాన్నకి మాత్రం లేదా? నీ చేతికింద అన్ని బాటిళ్ళున్నాయి కదే." అమ్మ పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి, "నిన్ను మెడిసిన్‌లో చేర్పించిన రోజు ఎవరొచ్చి నిలబడ్డారో మర్చిపోకు" అంది.

మర్చిపోలేదు. ఫారం తీసుకున్నాను. కారణం గడి దగ్గర పెన్ను ఒక్క నిమిషం ఆగింది. గదిలో పెదనాన్న రెండో ప్లేటు ఇడ్లీ తింటూ, మధ్యమధ్యలో నర్సుకి హిందీ లింగాలు వివరిస్తున్నారు. నేను నా లిస్టులోని రెండో నంబరు, 'విశ్రాంతిలో కూడా ఆయాసం, ఊపిరాడకపోవడం', కామాతో సహా రాసి సంతకం పెట్టాను.

ఆయనది బి నెగెటివ్. అరుదైన గ్రూపు. (ఆ సంగతి విన్నప్పటినుంచీ ఆయన కూర్చునే తీరే మారిపోయింది.) మా ఫ్రిజ్‌లో ఆ రోజు అవి రెండే ఉన్నాయి. ఒకటి పైకి తెప్పించాను. సిస్టర్ దాన్ని స్టాండుకి తగిలించి, గొట్టం గుచ్చబోతుంటే పెదనాన్న చెయ్యెత్తారు. "ఒక్క నిమిషం సిస్టర్. ప్రార్థన చేసుకుందాం."

సిస్టర్ కూడా ప్రార్థనకి వెళ్ళే మనిషే. గొట్టం పక్కనపెట్టి కళ్ళు మూసుకుంది. పెదనాన్న మొదలుపెట్టారు. ఆకాశానికి, భూమికి, కాలవల్లో నీళ్ళకి, పామర్రు రైతులకి స్తోత్రం చెల్లించారు. తరవాత ఆస్పత్రిలోకి వచ్చారు. యాజమాన్యాన్ని, పెద్ద సార్‌ని, నర్సుల్ని పేరుపేరునా దీవించారు. సెక్యూరిటీ వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నా జేబులో ఫోన్ వణికింది. బాబాయ్.

"అమ్మా, లేబర్ రూములో కాన్పయినామెకి రక్తం ఆగట్లేదంట. బి నెగెటివ్. ఉన్న బ్యాగు పంపేశా. ఇంకోటి వెంటనే కావాలంటున్నారు."

"బయట బ్యాంకుల్లో అడిగావా?"

"అడిగా. ఊళ్ళో ఎక్కడా లేదు, బదులుగా ఇచ్చే ఓ నెగెటివ్ కూడా లేదు. గుంటూరులో ఒకటుందంట, వచ్చేసరికి గంటన్నర."

బాబాయే మళ్ళీ, "ఇంకోటి మీ పెదనాన్న గారి దగ్గరుందమ్మా" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పాడంతే. పెదనాన్న కళ్ళు మూసుకునే ఉన్నారు, లిఫ్ట్ ఆపరేటర్ కుటుంబం కోసం వేడుకుంటున్నారు. నేను స్టాండు మీదనుంచి బ్యాగు తీశాను. సిస్టర్ ఒక కన్ను తెరిచి చూసింది. చేతులు జోడించాను. ఆ కన్ను మళ్ళీ మూసుకుంది.

నాలుగంతస్తులు మెట్ల మీదే దిగాను. ఆ బ్యాగు పైకొచ్చి పట్టుమని పావుగంట కాలేదు, చల్లదనం పోలేదు, సీలు విప్పలేదు. వెనక్కి తీసుకోవడానికి నియమం ఒప్పుకుంటుంది. ఆ తల్లి రక్తంతో ఇది కలుస్తుందో లేదో చూసే పరీక్షకి కూర్చుని, ఒకే గొట్టం మీద పేరు రెండుసార్లు రాశాను. బాబాయ్ మెల్లగా నా చేతిలోంచి గొట్టాలు తీసుకుని తను చేశాడు. కలిసింది. లేబర్ రూము బయట ఆమె భర్త గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, గన్నవరం దగ్గర పాల డెయిరీలో పని చేస్తాడట. నన్ను చూడగానే చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాది తీసుకోండి మేడం, ఎంతన్నా తీసుకోండి" అన్నాడు. అతనిది వేరే గ్రూపు. 'కాన్పు తర్వాత అధిక రక్తస్రావం.' ఆ మాటలు నేనే రాశాను, నంబరు వేశాను, లామినేషన్ చేయించాను. తలుపు అవతల అవి ఎలా ఉంటాయో మాత్రం ఆ రోజే చూశాను. గంట గడిచింది. లేడీ డాక్టరు గారు బయటికొచ్చి మాస్కు కిందికి లాగి, "ఆగింది" అన్నారు. ఆ భర్త అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. అతను కూర్చోకపోతే నేను కూర్చునేదాన్ని.

పైకి వెళ్ళేసరికి పెదనాన్న ఖాళీ స్టాండు వంక చూస్తూ మంచం మీద పద్మాసనంలో ఉన్నారు.

"ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి బాటిల్ లేదమ్మడూ. దేవుడు తీసుకున్నాడా, నువ్వు తీసుకున్నావా?"

జరిగింది చెప్పాను. నేను రాసిన తప్పుడు కారణం కూడా చెప్పాను. ఆయన ప్రార్థన రెండు నిమిషాల్లో ముగిసి ఉంటే ఆ బాటిలు ఆయన ఒంట్లో ఉండేదని చెప్పాను. పెద్దమ్మ ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"తల్లి బతికిందా?"

"బతికిందండీ."

"బిడ్డ?"

"ఆడపిల్ల. బాగుంది."

"అయితే ఆ మాత్రలేవో రాసియ్యి" అన్నారు.

నెలాఖరుకి మళ్ళీ ఫారాలు. పెదనాన్న ఫారం వచ్చింది. నా చేతిరాతే, ముత్యాల్లా ఉంది. సబబా, కాదా? కళ్ళు మూసుకుని 'కాదు' అని రాశాను. తీరా చూస్తే ఆ నెల ఆస్పత్రి మొత్తానికి తప్పుడు ఫారం అదొక్కటే. మిగతావాళ్ళంతా నంబర్లు సరిగ్గా చూసుకుని రాశారు. కమిటీలో పెద్ద సార్ కళ్ళజోడు సవరించుకుని, "ఎవరమ్మా ఆ ఒక్కరూ?" అన్నారు. "నేనే సార్" అన్నాను. ఆ పూట పకోడీ చప్పుడు ఆగింది. తనిఖీకి వచ్చినవాళ్ళు, తన తప్పు తనే పట్టుకున్న ఆస్పత్రి ఇదొక్కటేనని మెచ్చుకుని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళారు. నాకు క్వాలిటీ మేడం నుంచి ఒక ఉత్తరం వచ్చింది: రక్త వినియోగంపై శిక్షణ తరగతికి విధిగా హాజరు కావాలి. ఆ తరగతి చెప్పేది నేనే. సోమవారం మధ్యాహ్నం రెండింటికి సెమినార్ హాలుకి వెళ్ళి, నా సంతకం హాజరు పట్టీలో ఒకసారి, ఉపన్యాసకుల గడిలో ఒకసారి పెట్టి, ఖాళీ కుర్చీల మధ్య అరగంట కూర్చుని వచ్చాను.

నాలుగు నెలల తరవాత ఒక ఆదివారం పామర్రు వెళ్ళాను. మాత్రలు పనిచేశాయి, పెదనాన్న మొహంలో పెద్ద సార్ చెప్పిన కళే. చర్చిలో ఆయన దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడానికి లేచారు. మొదటి వాక్యం బాగానే ఉంది. రెండో వాక్యంలో "ఆ తల్లి కోసం నా రక్తం ఇచ్చాను" అన్నారు. తుళ్ళిపడి పెద్దమ్మ వైపు చూశాను. "పోయిన నెల సాక్ష్యంలో ఒక బాటిలే ఇచ్చారు, ఇవాళ రెండంటారేమో చూడు" అని గొణిగింది. రెండే అన్నారు. డాక్టరమ్మ ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చిందని కూడా అన్నారు. సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. పాస్టరు గారు నా వైపు తిరిగి, "డాక్టరమ్మా, మీరు కళ్ళారా చూశారు కదా, ఒక్క మాట చెప్పండి" అన్నారు. లేచి నిలబడ్డాను. నాలిక చివరిదాకా వచ్చినవి చాలా ఉన్నాయి. "ఆ తల్లీబిడ్డా బాగున్నారండి" అని కూర్చున్నాను.

బయటికొచ్చేసరికి వేపచెట్టు కింద ఏడెనిమిది మంది చొక్కా చేతులు మడుస్తూ నిలబడి ఉన్నారు. మాస్టారు ఈ వయసులో ఇచ్చారట, మేమివ్వలేమా అని. అంతకుముందు నేనొచ్చి బొమ్మలు చూపించి ఉపన్యాసాలు ఇచ్చినా ఒక్కరు ముందుకు రాని ఊరది. తరవాతి నెల ఆ చర్చి హాల్లోనే శిబిరం పెట్టాం. వరసలో మొట్టమొదట పెదనాన్న, ఇస్త్రీ చొక్కాలో.

"పెదనాన్నా, అరవై అయిదు దాటినవాళ్ళ దగ్గర తీసుకోకూడదండీ" అన్నాను చెవిలో.

"తెలుసులే అమ్మడూ. నేను ఫారం నింపుతుంటే చూసి మిగతావాళ్ళకి ధైర్యం వస్తుందని" అంటూ నింపిన ఫారం నా చేతిలో పెట్టి, పక్కకెళ్ళి అందరికీ మజ్జిగ పంచడంలో పడ్డారు. ఫారం చూశాను. 'ఇంతకుముందు రక్తదానం చేశారా?' అన్న చోట, హిందీ మాస్టారి గుండ్రటి అక్షరాల్లో, 'చేశాను. రెండు బాటిళ్ళు' అని ఉంది.

ఓ ఏడాది ముందైతే ఆ గడి కొట్టేసి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టి, తేదీ కూడా వేసేదాన్ని. ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడు నేను ఇంకో ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ని, నన్నే అందరూ మేడం అంటారు. ఫారంలో 'నీరసం' అని కనిపిస్తే సంతోషిస్తాను, నిజం రాశాడు కదా అని, స్వయంగా వార్డుకి వెళ్ళి మాట్లాడతాను. లామినేషన్లు మానేశాను. స్కూటీ మీద నియమాలు వల్లెవేసుకుంటూ వెళ్ళే ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ వెనకే కాస్త బెంగ కూడా, చివరికి తనని కూడా వదిలిపెట్టని పిల్ల కదా అని. ఆ శిబిరం రోజు మాత్రం పెదనాన్న ఫారం నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకుని, వరసలో రెండో మనిషిని, ఊరి ఆటో డ్రైవర్ని, వచ్చి పడుకోమన్నాను.